దేనితో పాటు పెరగాలి? వెబ్ పేజీకి సాపేక్ష కొలతలను ఎంచుకునే పద్ధతి

కొన్నేళ్ల క్రితం తెలుగు వ్యాసాల కోసం ఒక పేజీ తయారు చేసి, మా వీధిలోనే ఉండే ఒక రిటైర్డు ఉపాధ్యాయురాలికి చూపించాను. ఆవిడ తన కంప్యూటర్‌లో క్రోమ్ సెట్టింగుల్లోకి వెళ్లి, అక్షరాల పరిమాణాన్ని అన్నిటికంటే పెద్దదానికి ఎప్పుడో మార్చి పెట్టుకున్నారు. ఆవిడ రోజూ చదివే పేజీలు చాలావరకు ఆ సెట్టింగును మన్నించి పెద్ద అక్షరాలతో తెరుచుకుంటున్నాయి. నా పేజీ మాత్రం చిన్న అక్షరాల దగ్గరే ఆగిపోయింది. ఆవిడ ఏమీ అనకుండా కుర్చీ ముందుకు జరుపుకుని, తెర దగ్గరికి వంగి చదవడం మొదలుపెట్టారు. ఇంటికి వచ్చి స్టైల్‌షీట్ (పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్ ఫైలు) తెరిస్తే తప్పు ఒకే ఒక్క లైనులో దొరికింది. పేజీ మొత్తాన్నీ రెమ్ (పేజీ మూల అక్షర పరిమాణాన్ని బట్టి మారే కొలత) లోనే రాశాను గానీ, ఆ రెమ్‌కు ఆధారమైన రూట్ ఎలిమెంట్‌కు, అంటే పేజీ అంతటినీ తనలో ఉంచుకునే హెచ్‌టీఎమ్‌ఎల్ ఎలిమెంట్‌కు మాత్రం ఫాంట్ సైజు 16 పిక్సెళ్లని ఖరారు చేసి పెట్టాను. పునాదిని బిగించేసిన తర్వాత పైన ఎన్ని సాపేక్ష కొలతలు వాడినా అవి పాఠకుల కోరిక మేరకు కదలవు.

ఆ రోజు నుంచి ఏ కొలత రాయబోయినా ముందు ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: ఇది దేనితో పాటు పెరగాలి? పాఠకులు ఎంచుకున్న అక్షర పరిమాణంతోనా, తన పక్కనే ఉన్న అక్షరంతోనా, తనను పట్టి ఉంచిన పెట్టెతోనా, తెరతోనా, లేక దేనితోనూ పెరగకుండా అలాగే ఉండాలా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే రెమ్, ఎమ్, శాతం, వీడబ్ల్యూ, పిక్సెల్ అనే వాటిలో ఏది రాయాలో దానంతట అదే తేలిపోతుంది. కొలతల పేర్లను, సీఎస్‌ఎస్ ప్రాపర్టీల పేర్లను ఈ వ్యాసంలో తెలుగు లిపిలో రాస్తున్నాను. కోడ్‌లో మాత్రం మీరు వాటిని మామూలుగా రాసే ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి.

మొదటి అడుగు: రూట్‌ను పాఠకుల చేతికి వదలండి

హెచ్‌టీఎమ్‌ఎల్ ఎలిమెంట్‌కు ఫాంట్-సైజ్ 100% అని రాయండి, లేదా అసలేమీ రాయకండి. రెండూ ఒకటే. బ్రౌజర్లలో సాధారణంగా ముందే ఉండే పరిమాణం 16 పిక్సెళ్లు. క్రోమ్ సెట్టింగుల్లో దాన్ని 9, 12, 16, 20, 24 పిక్సెళ్ల మధ్య మార్చుకునేలా ఐదు ఎంపికలు ఉంటాయి. రూట్ 100% అయినప్పుడు 1 రెమ్ అంటే పాఠకులు ఎంచుకున్న ఆ అంకే అవుతుంది.

జూమ్ చేస్తే పిక్సెళ్లు కూడా పెరుగుతాయి కదా, మరి ఈ శ్రమ ఎందుకు అని చాలామంది అడుగుతారు. జూమ్‌తో పిక్సెళ్లు పెరిగే మాట నిజమే. అయితే జూమ్ బొమ్మలను, ఖాళీలను, అంచులను అన్నిటినీ కలిపి పెంచుతుంది. అక్షరాల సెట్టింగు అక్షరాలను మాత్రమే పెంచమని అడుగుతుంది. ఆ రెండో కోరికను పిక్సెల్ కొలతలు పట్టించుకోవు. పాఠకులకు రెండు దారులూ తెరిచి ఉండాలి.

రూట్‌ను 62.5 శాతానికి తగ్గించే అలవాటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 16లో 62.5 శాతం 10 కాబట్టి, 18 పిక్సెళ్లు కావాలంటే 1.8 రెమ్ అని తేలిగ్గా లెక్క వేయవచ్చని దాన్ని వాడతారు. శాతంలో రాస్తారు కాబట్టి పాఠకుల సెట్టింగు చెడిపోదు. అయితే బయటి నుంచి తెచ్చి పెట్టుకున్న క్యాలెండర్, ఫారం వంటి భాగాలు 1 రెమ్ అంటే 16 అనుకుని రాసినవైతే, అవన్నీ ఒక్కసారిగా కుంచించుకుపోతాయి. లెక్క కష్టం అనిపిస్తే పిక్సెళ్లను 16తో భాగించిన నాలుగైదు అంకెలను గుర్తు పెట్టుకోవడం మేలు: 14 అంటే 0.875, 18 అంటే 1.125, 20 అంటే 1.25, 24 అంటే 1.5, 28 అంటే 1.75. రోజువారీ పనిలో ఇంతకు మించి అవసరం రాదు.

రెండో అడుగు: అక్షరాలకు రెమ్, అక్షరాన్ని అంటిపెట్టుకున్న వాటికి ఎమ్

ఎమ్ అనే కొలత అచ్చు యంత్రాల కాలం నాటిది. వాడుతున్న అచ్చు అక్షరం దిమ్మ పరిమాణం ఎంతో, అదే ఒక ఎమ్. 1996లో వచ్చిన మొదటి సీఎస్‌ఎస్ ప్రమాణంలోనే అది ఉంది. రెమ్ చాలా తర్వాత వచ్చింది. ఎందుకు రావలసి వచ్చిందో తెలియాలంటే ఎమ్ ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చూడాలి.

జాబితాలోని అంశాలకు ఫాంట్-సైజ్ 0.9 ఎమ్ అని రాశారనుకోండి. ఫాంట్-సైజ్ దగ్గర ఎమ్ అంటే పేరెంట్ ఎలిమెంట్ (దాన్ని చుట్టి ఉన్న ఎలిమెంట్) అక్షర పరిమాణం. మొదటి వరుస జాబితాలో 16 పిక్సెళ్లు 14.4 అవుతుంది. దాని లోపల ఇంకో జాబితా ఉంటే అక్కడ 12.96, మూడో మెట్టులో 11.66 అవుతుంది. ఇంగ్లీషు అక్షరమైతే ఆ పరిమాణంలో ఎలాగో చదువుకోవచ్చు గానీ, తెలుగులో 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటల్లోని వత్తులు ఆ పరిమాణంలో ఒక నల్లని చుక్కగా కలిసిపోతాయి. అందుకని ఫాంట్ సైజులను రెమ్‌లోనే రాయండి. ఎన్ని మెట్లు లోపలికి వెళ్లినా 0.9 రెమ్ 0.9 రెమ్‌గానే ఉంటుంది.

అలాగని ఎమ్‌ను వదిలేయకూడదు. ఒక బటన్‌ను తీసుకోండి. అందులో అక్షరం చుట్టూ ఉన్న ఖాళీ ఆ అక్షరానికి తగినట్టు ఉండాలి. పెద్ద బటన్‌కు పెద్ద ఖాళీ, చిన్న బటన్‌కు చిన్న ఖాళీ కావాలి. ఆ ఖాళీని, అంటే ప్యాడింగ్‌ను 0.6 ఎమ్, 1.2 ఎమ్ అని ఒక్కసారి రాసి పెట్టుకుంటే, ఆ తర్వాత బటన్ ఫాంట్ సైజు మార్చిన ప్రతిసారీ ఖాళీ దానంతట అదే సర్దుకుంటుంది. బటన్‌లోని చిన్న గుర్తుకు వెడల్పు, ఎత్తు 1 ఎమ్ అని రాస్తే అది కూడా అక్షరంతో సమానంగా నడుస్తుంది. ఇక్కడ ఒక సంగతిని జాగ్రత్తగా గమనించండి: ప్యాడింగ్, మార్జిన్ (పెట్టె బయటి ఖాళీ), వెడల్పు వంటి వాటిలో ఎమ్ అంటే పేరెంట్ అక్షరం కాదు, ఆ ఎలిమెంట్ సొంత అక్షరం. పేరెంట్ 16 పిక్సెళ్లు ఉండి, బటన్‌కు ఫాంట్-సైజ్ 1.25 ఎమ్, ప్యాడింగ్ 1 ఎమ్ అని రాస్తే, అక్షరం 20 పిక్సెళ్లు అవుతుంది, ప్యాడింగ్ కూడా 20 అవుతుంది. కొత్తగా నేర్చుకునేవారు దాన్ని 16 అనుకుని గంటల తరబడి వెతుక్కుంటారు.

ఫారంలో వివరాలు రాసే గడులు, బటన్లు పేజీ ఫాంటును వాటంతట అవి తీసుకోవు. బ్రౌజర్ వాటికి తన సొంత చిన్న పరిమాణాన్ని ఇస్తుంది. కాబట్టి వాటికి ఫాంట్: ఇన్‌హెరిట్ అని తప్పకుండా రాయండి. ఐఫోన్‌లోని సఫారీలో, రాసే గడి అక్షరం 16 పిక్సెళ్ల కంటే తక్కువగా ఉంటే, దాన్ని తాకగానే పేజీ తనంతట తానే పెద్దదై పక్కకు జరిగిపోతుంది. ఆ గడులను 1 రెమ్ కంటే తగ్గించకపోవడం మంచిది.

మూడో అడుగు: లైన్ ఎత్తుకు ఏ కొలతా పెట్టకండి

తెలుగు పేజీలు చేసేవారు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదేనని నా నమ్మకం. ఇంగ్లీషు అక్షరం ఒక గీత మీద కూర్చుంటుంది. దాని తోక కొంచెం కిందికి, తల కొంచెం పైకి పోతాయి. తెలుగు అక్షరం అలా కాదు. 'శాస్త్రీయం' అన్న మాటను చూడండి. 'స్త్రీ'లో త వత్తు, ర వత్తు గీత కింద దిగి ఉంటాయి. గుడి దీర్ఘం నెత్తి మీద ఉంటుంది. పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడిని, ఎత్వాన్ని తాకకుండా ఉండాలంటే వరుసల మధ్య చోటు కావాలి.

బాడీకి (పేజీలో కనిపించేదంతా ఉండే ఎలిమెంట్‌కు) లైన్-హైట్ 1.5 ఎమ్ అని రాస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. బాడీ అక్షరం 16 పిక్సెళ్లు కాబట్టి లైన్ ఎత్తు 24 అవుతుంది. ఆ 24 అన్న ఫలితమే లోపలి ఎలిమెంట్లన్నిటికీ వారసత్వంగా దిగుతుంది. 40 పిక్సెళ్ల శీర్షికకు కూడా లైన్ ఎత్తు 24 పిక్సెళ్లే వస్తుంది. శీర్షిక ఒకే వరుసలో ఉన్నంతసేపు ఈ తప్పు బయటపడదు. ఫోనులో అది రెండు వరుసలకు విరిగిన రోజున వరుస మీద వరుస ఎక్కి కూర్చుంటుంది. శాతంలో రాసినా ఇదే జరుగుతుంది. కొలత ఏమీ లేకుండా ఉత్త అంకె రాస్తే, ఉదాహరణకు 1.7 అని రాస్తే, ఫలితానికి బదులు ఆ గుణకం వారసత్వంగా దిగుతుంది, ప్రతి ఎలిమెంట్ దాన్ని తన సొంత అక్షరంతో గుణించుకుంటుంది.

ఎంత అంకె పెట్టాలన్నది ఫాంటును బట్టి ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో కనిపించే నోటో సాన్స్ తెలుగుకూ, విండోస్‌లో ఉండే గౌతమికీ, గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మండలి, రామభద్ర వంటి వాటికీ అక్షరాల ఎత్తు, వత్తుల లోతు ఒకేలా ఉండవు. నా పేజీల్లో వ్యాసానికి 1.7 లేదా 1.8, శీర్షికలకు 1.4 పెడుతున్నాను, ఇంగ్లీషు పేజీల్లో వాడే 1.2 తెలుగు శీర్షికలకు చాలదు. రెండు భాషలూ ఒకే పేజీలో ఉంటే, హెచ్‌టీఎమ్‌ఎల్‌లో లాంగ్ గుణానికి తెలుగు సంకేతం సరిగా ఇచ్చి, సీఎస్‌ఎస్‌లోని లాంగ్ సెలెక్టర్ ద్వారా తెలుగు భాగానికి మాత్రమే ఎక్కువ లైన్ ఎత్తు ఇవ్వండి. సరిపోయిందో లేదో చూడడానికి 'స్వాతంత్ర్యం', 'రాష్ట్రీయ', 'వైశిష్ట్యం' వంటి మాటలను రెండు వరుసల్లో ఒకదాని కింద ఒకటి పేర్చి పరీక్షించండి.

నాలుగో అడుగు: వరుస వెడల్పును అక్షరానికి కట్టండి, తెరకు కాదు

పెద్ద తెర మీద వరుస అటు చివరి నుంచి ఇటు చివరి దాకా పరుచుకుంటే, ఒక వరుస ముగించి తర్వాతి వరుస మొదలు వెతుక్కోవడం కష్టమవుతుంది. అందుకే వ్యాసం ఉన్న పెట్టెకు గరిష్ఠ వెడల్పు ఇస్తాం. ఇంగ్లీషు పాఠాల్లో దీనికి సీహెచ్ అనే కొలతను సిఫారసు చేస్తారు. ఒక సీహెచ్ అంటే ఆ ఫాంటులోని సున్నా అంకె వెడల్పు. తెలుగుకు ఇది మంచి కొలబద్ద కాదు. ఒకటి, తెలుగు అక్షరాలు ఎక్కువగా సున్నా కంటే వెడల్పైనవి కాబట్టి 65 సీహెచ్‌లో 65 తెలుగు అక్షరాలు పట్టవు. రెండు, ఫాంట్ల వరుసలో ఇంగ్లీషు ఫాంటును ముందు పెట్టి తెలుగు ఫాంటును తర్వాత పెడితే, వ్యాసమంతా తెలుగులో ఉన్నా సీహెచ్ లెక్క ఇంగ్లీషు ఫాంటులోని సున్నాను బట్టే నడుస్తుంది.

దాని బదులు మీ వ్యాసంలోని ఒక మామూలు పేరాను తెర మీద పెట్టి, వరుసకు తొమ్మిది, పది మాటలు పట్టే దాకా పెట్టెను సాగదీసి, ఆ వెడల్పును 16తో భాగించి రెమ్‌లో రాయండి. 1.125 రెమ్ అక్షరంతో నాకు అది 34 నుంచి 36 రెమ్ మధ్య తేలింది. రెమ్‌లో ఉండడం వల్ల పాఠకులు అక్షరాన్ని పెంచుకున్నప్పుడు పెట్టె కూడా వెడల్పవుతుంది, వరుసకు మాటల సంఖ్య మారదు. చిన్న తెర మీద గరిష్ఠ వెడల్పు దానంతట అదే తప్పుకుంటుంది.

పక్కపక్కన పేర్చిన భాగాలు ఎక్కడ ఒకదాని కింద ఒకటిగా మారాలో నిర్ణయించే మీడియా క్వెరీని కూడా 768 పిక్సెళ్లు అని కాకుండా 48 ఎమ్ అని రాయండి. మీడియా క్వెరీలో ఎమ్, రెమ్ రెండూ పాఠకుల సెట్టింగులో ఉన్న పరిమాణాన్నే చూస్తాయి. మీరు రూట్‌కు ఏమి రాసినా వాటికి సంబంధం లేదు. అక్షరాన్ని 20కి పెంచుకున్న వారికి ఆ మార్పు 960 పిక్సెళ్ల దగ్గరే జరుగుతుంది. వారి 900 పిక్సెళ్ల కిటికీలో రెండు నిలువు భాగాలు ఇరుక్కుని ఉండడం కంటే ఒకే భాగంగా విశాలంగా ఉండడమే చదవడానికి హాయి.

ఐదో అడుగు: ఖాళీలన్నీ ఒకేలా పెరగకూడదు

రెమ్ రుచి తెలిసిన తర్వాత అన్నిటినీ రెమ్‌లోకి మార్చేయాలనిపిస్తుంది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. పేరాల మధ్య, శీర్షికకు వ్యాసానికి మధ్య, ఒక విభాగానికి మరో విభాగానికి మధ్య ఉండే ఖాళీ అక్షరంతో పాటు పెరగాలి, లేకపోతే పెద్ద అక్షరాల మధ్య పేరాలు కలిసిపోయినట్టు కనిపిస్తాయి. వాటికి 0.5, 1, 1.5, 2, 3 రెమ్ అని ఒక చిన్న మెట్ల వరుసను వేరియబుల్స్‌గా పెట్టుకుని, ఆ మెట్లలో నుంచే ఎంచుకోండి.

పేజీకి ఎడమ, కుడి అంచుల్లో వదిలే ఖాళీ సంగతి వేరు. దాన్ని 2 రెమ్ అని రాశారనుకోండి. 320 పిక్సెళ్ల వెడల్పు ఉన్న చోట, అక్షరాన్ని 32 పిక్సెళ్ల దాకా పెంచుకున్న పాఠకులకు రెండు అంచుల్లో కలిపి 128 పిక్సెళ్లు ఖాళీకే పోతాయి. వ్యాసానికి 192 మిగులుతుంది. చూపు తక్కువై అక్షరాన్ని పెంచుకున్న వారికే మనం చోటు తగ్గించిన వాళ్లమవుతాం. అంచు ఖాళీ పెరగవలసింది తెరతో పాటు. కాబట్టి మిన్(5వీడబ్ల్యూ, 3రెమ్) అని రాయండి, రెండిటిలో చిన్నదాన్ని మిన్ ఎంచుకుంటుంది. ఒక వీడబ్ల్యూ అంటే తెర వెడల్పులో నూరో వంతు. 360 పిక్సెళ్ల ఫోనులో అంచు 18 పిక్సెళ్లు అవుతుంది, 1440 పిక్సెళ్ల తెర మీద 72కు పోకుండా 48 దగ్గర ఆగుతుంది, అక్షరం ఎంత పెరిగినా చిన్న తెరను మింగేయదు.

వేలితో తాకవలసిన బటన్లది మూడో రకం. 44 పిక్సెళ్ల ఎత్తు కోసం 2.75 రెమ్ అని రాస్తే, అక్షరాన్ని 12కు తగ్గించుకున్న వారికి అది 33 అవుతుంది. అక్షరం చిన్నదైనంత మాత్రాన వేలు సన్నబడదు. రెండిటిలో పెద్దదాన్ని తీసుకునే మ్యాక్స్(44పిక్సెల్, 2.75రెమ్) అని కనీస ఎత్తు ఇస్తే రెండు వైపులా రక్షణ ఉంటుంది. 2023 అక్టోబరులో వచ్చిన వెబ్ సౌలభ్య మార్గదర్శకాల 2.2 వెర్షన్ ఏఏ అనే మధ్య స్థాయిలో కనీసం 24 పిక్సెళ్ల చదరాన్ని అడుగుతుంది. 44 అనేది అన్నిటికంటే కఠినమైన ఏఏఏ స్థాయి. సన్నని గీతలు, అంచు రేఖలు 1 పిక్సెల్‌లోనే ఉండనివ్వండి. అవి దేనితోనూ పెరగనక్కర్లేదు.

శాతాన్ని వెడల్పులకు నిశ్చింతగా వాడుకోవచ్చు. పై ప్యాడింగ్, కింది ప్యాడింగ్‌లకు వాడితే మాత్రం అది పెట్టె ఎత్తును కాకుండా, చుట్టూ ఉన్న పెట్టె వెడల్పును బట్టి లెక్కకు వస్తుందని మరిచిపోకండి. ఇక అక్షరాలున్న ఏ పెట్టెకూ ఖరారు ఎత్తు ఇవ్వకండి. ఇవ్వవలసి వస్తే కనీస ఎత్తు మాత్రమే ఇవ్వండి.

ఆరో అడుగు: తెర కొలతలను ఒంటరిగా వాడకండి

శీర్షికకు ఫాంట్-సైజ్ 5 వీడబ్ల్యూ అని రాస్తే ఫోనులోనూ పెద్ద తెరలోనూ అందంగా కుదిరినట్టే కనిపిస్తుంది. జూమ్ చేసి చూడండి. మిగతా పేజీ పెరుగుతుంది, శీర్షిక ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే జూమ్ చేసినప్పుడు తెర వెడల్పు పిక్సెల్ లెక్కలో అంతే తగ్గుతుంది. సౌలభ్య మార్గదర్శకాలు ఏఏ స్థాయిలో అక్షరం 200 శాతం దాకా పెరగగలగాలని అడుగుతున్నాయి. వీడబ్ల్యూ ఒక్కటే వాడితే ఆ నియమం తప్పుతాం.

రెమ్‌ను, వీడబ్ల్యూను కలిపి క్లాంప్‌లో పెట్టడం సరైన దారి. క్లాంప్‌కు కనిష్ఠం, కావలసిన విలువ, గరిష్ఠం అని మూడు ఇస్తే, విలువను ఆ హద్దుల మధ్యే ఉంచుతుంది. వ్యాసం అక్షరం 360 పిక్సెళ్ల తెర మీద 18, 1200 పిక్సెళ్ల తెర మీద 22 పిక్సెళ్లు ఉండాలనుకుందాం. అక్షరం పెరిగేది 4, తెర పెరిగేది 840. 4ను 840తో భాగిస్తే 0.00476, అంటే 0.476 వీడబ్ల్యూ. 360 దగ్గర ఆ వీడబ్ల్యూ వాటా 1.714 పిక్సెళ్లు. 18 నుంచి దాన్ని తీసేస్తే 16.286, అంటే 1.018 రెమ్. చివరికి రాయవలసింది ఇది: క్లాంప్(1.125రెమ్, 1.018రెమ్ + 0.476వీడబ్ల్యూ, 1.375రెమ్). లోపల కూడిక ఉన్నా లెక్కలు చేసే క్యాల్క్ అని విడిగా రాయనక్కర్లేదు, కానీ కూడిక గుర్తుకు రెండు వైపులా ఖాళీ తప్పనిసరి. అక్షరంలో ఎక్కువ భాగం రెమ్ నుంచి వస్తోంది కాబట్టి జూమ్, సెట్టింగు రెండూ పనిచేస్తాయి.

ఎత్తు విషయంలో 100 వీహెచ్ (తెర పూర్తి ఎత్తు) అని రాసి ఫోనులో చూస్తే, అడ్రస్ పట్టీ కనిపిస్తున్నంతసేపు పేజీ అడుగున పెట్టిన బటన్ తెర కిందికి జారి ఉంటుంది. దీని కోసమే ఎస్‌వీహెచ్ (పట్టీ కనిపిస్తున్నప్పటి ఎత్తును బట్టి), ఎల్‌వీహెచ్ (పట్టీ దాక్కున్నప్పటి ఎత్తును బట్టి), డీవీహెచ్ (అప్పటికప్పుడు ఉన్న ఎత్తును బట్టి) వచ్చాయి, సఫారీలో 15.4 వెర్షన్ నుంచి, క్రోమ్‌లో 108 నుంచి, అంటే 2022 నుంచి పనిచేస్తున్నాయి. మొదటి తెరను నింపే పెట్టెకు 100 ఎస్‌వీహెచ్ ఇవ్వండి. పట్టీ కదిలినప్పుడల్లా డీవీహెచ్ విలువ మారుతుంది కాబట్టి, చదువుతున్న పాఠం ఎగిరిపడే ప్రమాదం ఉంది. పాత బ్రౌజర్ల కోసం ఆ లైనుకు ముందు 100 వీహెచ్ అని ఇంకో లైను ఉంచండి. వెడల్పుకు 100 వీడబ్ల్యూ రాయకండి. కంప్యూటర్లలో స్క్రోల్ పట్టీ వెడల్పు కూడా అందులో కలిసిపోయి పేజీ అడ్డంగా జరుగుతుంది. 100% చాలు.

ఒకే కార్డును ఒకచోట విశాలంగా, మరోచోట ఇరుకు పక్క భాగంలో వాడుతుంటే, తెరకు బదులు ఆ కార్డును పట్టి ఉంచిన పెట్టెను చూసే సీక్యూఐ కొలత పనికొస్తుంది. ఆ పెట్టెకు కంటైనర్-టైప్: ఇన్‌లైన్-సైజ్ అని ముందు రాస్తేనే అది మీరనుకున్న పెట్టెను కొలుస్తుంది.

చివరి అడుగు: మూడు పరీక్షలు

మార్పులన్నీ అయ్యాక క్రోమ్ సెట్టింగుల్లో అక్షరాల పరిమాణాన్ని అన్నిటికంటే పెద్దదానికి మార్చి పేజీని మళ్లీ తెరవండి. పెరగని అక్షరం ఎక్కడ కనిపిస్తే అక్కడ ఒక పిక్సెల్ కొలత దాక్కుని ఉందన్నమాట. రెండోది, సెట్టింగును మామూలుకు తెచ్చి 200 శాతం జూమ్ చేసి, పెరగకుండా మిగిలిన శీర్షికల్లో ఒంటరి వీడబ్ల్యూలను వెతకండి. మూడోది, 1280 పిక్సెళ్ల కిటికీలో 400 శాతం జూమ్ చేయండి. అది 320 పిక్సెళ్ల తెరతో సమానం. అక్కడ అడ్డంగా స్క్రోల్ చేయకుండా వ్యాసం మొత్తం చదవగలగాలి. తెలుగులో పొడుగు సమాసాలు వరుసలో పట్టక పక్కకు పొడుచుకొస్తే, ఆ పెట్టెకు ఓవర్‌ఫ్లో-వ్రాప్: ఎనీవేర్ అని చేర్చండి.

నేను ఆ ఉపాధ్యాయురాలి ఇంటికి మళ్లీ వెళ్లింది పేజీ ఈ మూడు పరీక్షలూ నెగ్గిందనుకున్న తర్వాతే. ఆవిడ పేజీ తెరిచి, కుర్చీని వెనక్కి జరుపుకుని చదివారు. మధ్యలో ఆగి, బొమ్మ కింద రాసిన చిన్న వ్యాఖ్యను వేలితో చూపించి, అది మాత్రం ఇంకా చిన్నగానే ఉందన్నారు. వెళ్లి చూస్తే అక్కడ 12 పిక్సెళ్లు అని రాసి ఉంది, 0.875 రెమ్ చేశాను.